శబ్ద వేగం వెనక ఉన్న వేడి

అందరికీ నమస్కారం.

చలనం, శక్తి, తరంగాలు, ఉష్ణం. పాఠ్యపుస్తకంలో ఇవి నాలుగు వేర్వేరు పాఠాలు. పరీక్షలకూ విడివిడిగానే చదువుతాం. ఈ నాలుగూ ఒకే చోట కలిసి పనిచేసే ప్రశ్న ఒకటుంది, ఇవాళ దాని గురించే మాట్లాడతాను. గాలిలో శబ్దం అంత వేగంగానే ఎందుకు పోతుంది?

అంకె మీకు తెలిసిందే. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర సెకనుకు సుమారు 343 మీటర్లు. కొలవడం పెద్ద కష్టం కాదు. దూరంగా ఫిరంగి పేల్చి, మంట కనబడ్డాక మోత చెవిన పడటానికి ఎంతసేపు పట్టిందో చూస్తే సరి. లెక్క కట్టి చెప్పడమే కష్టం. ఆ సాహసం చేసినవాడు న్యూటన్, 1687లో వచ్చిన తన ప్రిన్సిపియా పుస్తకంలో. గాలిని నొక్కితే అది ఎంత గట్టిగా ఎదురు తోస్తుంది, దాని సాంద్రత ఎంత అనే రెండు సంగతులు చాలన్నాడు. ఎదురుతోపు ఎక్కువైతే తరంగం త్వరగా పోతుంది, సాంద్రత ఎక్కువైతే నెమ్మదిస్తుంది. ఎంత గొప్ప ఊహ! కానీ ఆ సూత్రంలో ఇప్పటి విలువలు వేస్తే 290 మీటర్లే వస్తుంది, అంటే దాదాపు 15 శాతం తక్కువ. గాలి కణాల పరిమాణంతోనూ నీటి ఆవిరితోనూ ఆ లోటు పూడ్చాలని ఆయన చూశాడు గానీ ఆ వాదన నిలబడలేదు. వందేళ్లు దాటినా చిక్కు విడలేదు.

విప్పింది ఫ్రాన్స్‌కు చెందిన గణిత శాస్త్రవేత్త లాప్లాస్, 1816లో. న్యూటన్ లెక్కలోకి రానిది వేడి.

సైకిల్ పంపు మూతిని వేలితో మూసి గబగబా కొట్టి చూడండి, లోపలి గాలి వేడెక్కుతుంది. ముందుకొస్తున్న పిస్టన్‌కు తగిలిన అణువు వచ్చినప్పటి కన్నా ఎక్కువ వేగంతో వెనక్కి పోతుంది. మన చేతి పని అణువుల చలనశక్తిగా మారిందన్నమాట. గాలి వేడెక్కడమంటే ఇదే.

శబ్దం పోయేటప్పుడూ ఇదే జరుగుతుంది. సెకనుకు 1000 కంపనాల శబ్దాన్ని తీసుకోండి. ఒకచోట గాలి నొక్కుకుని కొద్దిగా వేడెక్కుతుంది. అక్కడికి 17 సెంటీమీటర్ల దూరంలో సడలి కొద్దిగా చల్లబడుతుంది. అర మిల్లీసెకనులో ఈ రెండూ తారుమారవుతాయి. అంత తక్కువ టైంలో వేడి ఇక్కణ్ణుంచి అక్కడికి చేరలేదు. కాబట్టి నొక్కుకున్న గాలి ఆ వేడితోనే ఉండి, న్యూటన్ అనుకున్న దానికి 1.4 రెట్లు గట్టిగా తోస్తుంది. వేగం దాని వర్గమూలం ప్రకారం పెరుగుతుంది గనక 290ని 1.18తో గుణించండి. 342 వస్తుంది. ఆ కాస్త తేడా అంకెలను కుదించడం వల్ల వచ్చిందే.

మనం మామూలుగా మాట్లాడేటప్పుడు ఈ వేడెక్కడం ఒక డిగ్రీలో లక్షో వంతుకు అటూ ఇటూ ఉంటుంది, అంతే. మరి అంత కొంచెం వేడి వేగాన్ని అంతగా ఎలా పెంచింది? ఎందుకంటే మాట వల్ల పీడనంలో వచ్చే మార్పు కూడా అంతే సూక్ష్మం, సుమారు యాభై లక్షల్లో ఒక వంతు. సూక్ష్మానికి సూక్ష్మం తోడైంది. నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చే చోటు ఇది.

గదిలోని గాలి అణువులు సగటున సెకనుకు సుమారు 470 మీటర్ల వేగంతో తిరుగుతుంటాయి. తోపును ఒకదాన్నుంచి ఒకదానికి అందించేది అవే కాబట్టి శబ్దం వాటిని మించిపోలేదు. అణువుల వేగాన్ని నిర్ణయించేది ఉష్ణోగ్రత. అందుకే ఒక్క డిగ్రీ పెరిగితే శబ్ద వేగం సెకనుకు సుమారు 0.6 మీటరు పెరుగుతుంది. పీడనం మాత్రం పెరిగినా తగ్గినా, ఉష్ణోగ్రత మారకపోతే వేగమూ దాదాపు మారదు. నొక్కితే ఎదురుతోపు ఎంత పెరుగుతుందో సాంద్రతా అంతే పెరుగుతుంది మరి. హీలియం అణువులు తేలిక, కాబట్టి చురుకు. అందులో శబ్దం సెకనుకు దాదాపు 1000 మీటర్లు పోతుంది.

వాతావరణ కేంద్రాల్లో వాడే ఒక రకం పరికరం ఈ సంబంధాన్నే తిరగేసి వాడుకుంటుంది. కొద్ది దూరానికి అతిధ్వనిని, అంటే మన చెవికి అందనంత ఎక్కువ కంపనాల శబ్దాన్ని పంపి, అది చేరడానికి పట్టిన కాలాన్ని బట్టి గాలి వేగాన్నీ, గాలి ఉష్ణోగ్రతనూ లెక్కగడుతుంది.