ఫోన్ పెట్టకపోతే ముద్ద దిగదా?

హోస్ట్: నమస్తే అండీ, అందరికీ స్వాగతం. ఈరోజు మన స్టూడియోలో ఒక పిల్లల డాక్టర్ గారు ఉన్నారు. మేడమ్, ఉపోద్ఘాతం లేకుండా అడిగేస్తాను. మాకు వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువగా ఉన్నది ఒకటే: ఫోన్ చూపించకపోతే మా పాప అన్నం తినట్లేదు, ఏం చేయాలి?

డాక్టర్: నా ఓపీలో కూడా రోజూ ఇదే మాట. ఏడాదిన్నర బిడ్డను తీసుకొస్తారు, ఏమీ తినదంటారు. బరువు చూస్తే వయసుకు తగ్గట్టే ఉంటుంది. తినిపించేటప్పుడు వీడియో తీసి చూపించమంటాను. అందులో ఎదురుగా ఫోన్‌లో బొమ్మలు నడుస్తూ ఉంటాయి, పాప నోరు తెరుస్తుంది, పప్పన్నం ముద్ద లోపలికి పోతుంది. ఆ పాప గిన్నె వంక చూడదు, తినిపించే అమ్మ వంకా చూడదు.

హోస్ట్: ఎలాగోలా కడుపు నిండింది కదా అంటారు ఇంట్లో పెద్దవాళ్లు.

డాక్టర్: నిండిందని బిడ్డకు తెలియాలి కదండీ! పెదాలు బిగపట్టడం, మొహం తిప్పేసుకోవడం, చెయ్యి అడ్డం పెట్టడం... మాటలు రాని పిల్లలు చాలు అని చెప్పేది ఇలాగే. కళ్లు ఫోన్‌లో ఉంటే ఆ సంగతి వాళ్లకే తెలియదు, ఇక మనకేం తెలుస్తుంది? 6 నుంచి 23 నెలల పిల్లల ఆహారం గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ, అదే డబ్ల్యూహెచ్‌ఓ, 2023లో మార్గదర్శకాలు ఇచ్చింది. బిడ్డ ఆకలినీ, కడుపు నిండిన గుర్తులనూ గమనిస్తూ తినిపించమని అందులో స్పష్టంగా ఉంది. ఏం వండాలి, ఎప్పుడు పెట్టాలి అన్నది మన చేతిలో ఉంచుకోవాలి. ఎంత తినాలన్నది బిడ్డకు వదిలేయాలి. బీరకాయ కూర ఒకసారి ఉమ్మేసిందని మానేయకండి, కొత్త రుచి అలవాటవడానికి ఎనిమిది పదిసార్లు పట్టొచ్చు. తినడం లేదని పాలల్లో, పండ్లలో చక్కెర కలపొద్దు. రెండేళ్ల లోపు పిల్లలకు అది వద్దనే మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఎన్‌ఐఎన్ కూడా చెప్తోంది.

హోస్ట్: మరి ఫోన్ తీసేశాక?

డాక్టర్: పక్కనే కూర్చుని మీరూ తినండి. కొన్నాళ్లు గోల చేస్తారు, తక్కువ తింటారు. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ అయితే కంగారుపడొద్దు. మధ్యలో పాప పైకి వేలు చూపించి "ఆ... ఆ" అంటుంది. "ఆ, ఫ్యాన్! గిరగిరా తిరుగుతోంది" అని మీరు అనండి. అని, ఆగండి. అది మళ్లీ ఏదో అంటుంది. బ్యాడ్మింటన్‌లో షటిల్ అటూ ఇటూ తిరిగినట్టు ఈ మాట నడవాలి. మెదడులో కనెక్షన్లు గట్టిపడేది ఇలాంటి ఇచ్చిపుచ్చుకోవడంలోనే. రైమ్స్ వీడియో ఎంత బాగున్నా, పాప అన్నదానికి బదులివ్వదు. అందుకే ఊళ్లో ఉన్న నానమ్మతో వీడియో కాల్‌ను నేను స్క్రీన్ లెక్కలో కలపను, అక్కడ బదులిచ్చే మనిషి ఉంది. మిగతా స్క్రీన్ మాత్రం రెండేళ్లు నిండేదాకా వద్దు, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంట మించొద్దు. 2019 నుంచీ డబ్ల్యూహెచ్‌ఓ మాట ఇదే.

హోస్ట్: గచ్చిబౌలిలో ఆఫీసు, ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిది. అలాంటి అమ్మానాన్నలు ఇది విని బాధపడతారు మేడమ్.

డాక్టర్: బాధపడొద్దని చెప్పడానికే వచ్చాను. ఎడ్వర్డ్ ట్రానిక్ అనే సైకాలజిస్టు 1978లో ఒక ప్రయోగం ప్రచురించారు. బిడ్డతో ఆడుతున్న తల్లి కాసేపు ఏ భావమూ లేకుండా మొహం బిగించి కూర్చుంటుంది. బిడ్డ ముందు నవ్వుతుంది, తర్వాత చేతులు చాపుతుంది, ఎంతకీ పలకకపోతే చూపు తిప్పేసుకుంటుంది. అందరూ అక్కడిదాకే చెప్తారు. నాకు ముఖ్యం ఆ తర్వాతది: తల్లి మళ్లీ మామూలుగా పలకరిస్తుంది, బిడ్డ మెల్లగా మళ్లీ ఆటలోకి వస్తుంది. రోజంతా తల్లీబిడ్డల మధ్య ఇలా తెగడం, కలవడం జరుగుతూనే ఉంటుందని ఆయన తర్వాతి పరిశోధనలూ చూపించాయి. కాబట్టి ఎనిమిదింటికి వచ్చారా, ఫోన్ బ్యాగులోనే ఉంచి స్నానం చేయించండి, బట్టలు మడతపెడుతూ మాట్లాడండి. అది చాలా విలువైన సమయం.

హోస్ట్: ఖరీదైన లెర్నింగ్ బొమ్మలు?

డాక్టర్: జమైకాలోని కింగ్‌స్టన్‌లో 1980ల్లో, వయసుకు తగ్గ ఎత్తు పెరగని పిల్లల ఇళ్లకు ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ల పాటు వారానికోసారి వెళ్లారు. ఇంట్లో పడేసే వస్తువులతో చేసిన బొమ్మలు పట్టుకెళ్లి, పిల్లలతో ఎలా ఆడాలో తల్లులకు చూపించారు. ఇరవై ఏళ్ల తర్వాత చూస్తే, అలా ఆడిన పిల్లల సంపాదన, ఎవరూ వెళ్లి ఆట నేర్పని అలాంటి పిల్లల కంటే సుమారు 25 శాతం ఎక్కువ. ఖాళీ నీళ్ల సీసాలో నాలుగు రాజ్మా గింజలేసి గిలకలా ఇవ్వొచ్చు. మూతకు మాత్రం గట్టిగా టేప్ చుట్టండి, గింజ గొంతులో పడితే ప్రమాదం.

హోస్ట్: మా అపార్ట్‌మెంట్‌లో ఇంకో భయం ఉంది. ఇంట్లో తెలుగు, పనామెతో హిందీ, ప్లేస్కూల్లో ఇంగ్లిష్. ఇన్ని భాషల వల్లే మాటలు ఆలస్యమవుతున్నాయని...

డాక్టర్: కాదు. రెండు మూడు భాషలు వినడం వల్ల మాటలు ఆగిపోవు. మీకు ధారాళంగా వచ్చే భాషలో మాట్లాడండి. తెలుగు మానేసి తడబడుతూ ఇంగ్లిష్‌లో మాట్లాడితే పాపకు అందే మాటలే తగ్గిపోతాయి. నాకు భయం వేసేది "మూడు భాషలు కదా, అదే వస్తుందిలే" అని ఊరుకునేవాళ్లను చూసినప్పుడు. ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరగకపోయినా, వేలితో చూపించకపోయినా, రెండేళ్లకు "అమ్మ దా" లాంటి రెండు మాటలు కలపకపోయినా, వచ్చిన మాటలు పోయినా, ఆగొద్దు. ముందు వినికిడి పరీక్ష చేయించండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది, చిన్నపిల్లల ఎదుగుదల చూసి థెరపీ చేసేవాళ్లు అక్కడ ఉన్నారు. వెళ్లేటప్పుడు పాప ఇంట్లో ఆడుకుంటున్న వీడియో ఒకటి తీసుకెళ్లండి. కొత్త చోట పిల్లలు నోరు విప్పరు, ఆ వీడియో చూస్తే వాళ్లకు సగం సంగతి తెలుస్తుంది.