రౌటర్ అడుగున స్టిక్కర్

యాంకర్: నమస్కారం. ఇంటి వైఫై భద్రత గురించి మాట్లాడడానికి హన్మకొండలో ఏళ్లుగా నెట్‌వర్క్ పనులు చేస్తున్న ఇంజనీర్ గారు మనతో ఉన్నారు. మొదటి కాల్ నక్కలగుట్ట నుంచి. చెప్పండమ్మా.

కాలర్ (నక్కలగుట్ట): నమస్తే సార్. నేను రిటైర్డ్ టీచర్‌ని. రాత్రి ఎనిమిది దాటితే మా నెట్ అస్సలు కదలదు. పైన కిరాయికి నలుగురు పిల్లలు ఉంటారు, పోటీ పరీక్షలకు చదువుకుంటున్నారు. వాళ్లు వాడుతున్నారేమో అని అనుమానం. మొహం మీద ఎట్ల అడుగుతాను?

ఇంజనీర్: అడగాల్సిన పని లేదమ్మా, రౌటరే చెబుతుంది. ముందు ఇది చెప్పండి, పాస్‌వర్డ్ ఎవరు పెట్టారు?

కాలర్: కనెక్షన్ ఇచ్చిన అబ్బాయే. మర్చిపోకుండా ఉంటుందని నా ఫోన్ నంబరే పెట్టాడు. తొంభై ఎనిమిది...

యాంకర్: అమ్మా, నంబర్ చెప్పకండి! లైవ్‌లో ఉన్నాం.

ఇంజనీర్: నేను వెళ్లిన చాలా ఇళ్లల్లో ఇదే కథ. మీ నంబర్ పాలవాళ్లకు తెలుసు, గ్యాస్ అబ్బాయికి తెలుసు, పైన పిల్లల దగ్గర ఎటూ ఉంటుంది. అసలు మీరెవరో తెలియనివాడికి కూడా ఇది కష్టం కాదు. మన దగ్గర సెల్ నంబర్ 6, 7, 8, 9లలో ఒకదానితోనే మొదలవుతుంది. అంటే అన్నీ కలిపి 400 కోట్లు. మీ ఫోన్ రౌటర్‌కు కనెక్ట్ అయ్యేటప్పుడు రెండింటి మధ్య నడిచే సంకేతాలను గోడ అవతల నుంచి పట్టుకోవచ్చు. పట్టుకున్నాక మీ ఇంటి దగ్గర ఉండాల్సిన పనే లేదు. తన గదిలో కూర్చుని, గేమ్స్ ఆడుకునే మంచి కంప్యూటర్‌తో ఆ 400 కోట్లనూ గంటల్లో ఒక్కొక్కటిగా సరిచూసుకోవచ్చు.

కాలర్: అయ్యో! మరి ఏం పెట్టుకోవాలి?

ఇంజనీర్: ఒకదానికొకటి సంబంధం లేని నాలుగు తెలుగు మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో రాయండి. గుమ్మడి, రైలు, చీపురు, మబ్బు... ఇలాంటివి. ఇవే పెట్టకండి, ఊరంతా విన్నది. కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి, తప్పేం లేదు. ఇప్పుడు రౌటర్ దగ్గరే ఉన్నారా? ఒకసారి బోర్లించండి. అడుగున స్టిక్కర్ ఉంటుంది.

కాలర్: ఉంది. కళ్లజోడు పెట్టుకోనివ్వండి... 192.168.1.1. కింద యూజర్ నేమ్ అడ్మిన్, పాస్‌వర్డ్ కూడా అడ్మినే.

ఇంజనీర్: అసలు భయం ఆ చివరి మాటతోనే. మీకు రెండు తాళాలున్నాయమ్మా. వైఫై పాస్‌వర్డ్ గేటు తాళం. ఈ అడ్మిన్ పాస్‌వర్డ్ ఇంటి కాగితాలున్న బీరువా తాళం. గేటు దాటినవాడు ఈ స్టిక్కర్ మాటతో లోపలికి వెళ్లి డీఎన్ఎస్ అనే సెట్టింగ్ మారిస్తే, మీరు బ్యాంకు పేరు కొట్టినా మిమ్మల్ని వేరే చోటికి మళ్లించే ప్రయత్నం చేయొచ్చు. అప్పుడు ఫోన్ ఎర్రగా హెచ్చరిక చూపిస్తే దాటి ముందుకు పోవద్దు. ఇవాళే రెండు పాస్‌వర్డ్‌లూ మార్చండి. వైఫైలో ఉండి ఫోన్ బ్రౌజర్‌లో ఆ అంకెలు కొడితే పేజీ తెరుచుకుంటుంది. సెక్యూరిటీ దగ్గర వైఫైకి తాళం వేసే పద్ధతుల పేర్లు ఉంటాయి, వాటిలో డబ్ల్యూపీఏ3 ఉంటే అది, లేకుంటే డబ్ల్యూపీఏ2 ఎంచుకోండి. కనెక్ట్ అయిన పరికరాల జాబితా అందులోనే ఉంటుంది, లెక్కపెట్టండి. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా, వెనకాల పిన్నుతో నొక్కే రీసెట్ జోలికి పోవద్దు. ఫైబర్ కనెక్షన్లలో కంపెనీ పెట్టిన వివరాలు కూడా పోయి నెట్టే ఆగిపోవచ్చు.

కాలర్: మా మనవరాలిని కూర్చోబెట్టుకుని చేస్తాను సార్.

యాంకర్: అయ్యాక మళ్లీ ఫోన్ చేయండమ్మా. నర్సంపేట నుంచి ఇంకొకరు ఉన్నారు.

కాలర్ (నర్సంపేట): అన్నా, మాది కిరాణా షాపు, వెనకే ఇల్లు. నాలుగు కెమెరాలు పెట్టించాను. వైఫై పాస్‌వర్డ్ గట్టిగానే ఉంది. సరిపోతుందా?

ఇంజనీర్: కెమెరా బాక్సు పాస్‌వర్డ్ మార్చారా తమ్ముడూ?

కాలర్: అది కంపెనీదే ఉంది.

ఇంజనీర్: మార్చేయండి. 2016లో మిరాయ్ అనే వైరస్ సరిగ్గా ఇలాంటి వాటి మీదే పడింది. కెమెరాలు, వాటి రికార్డర్లు, రౌటర్లలోకి ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లతోనే దూరింది. అలా చేతికి చిక్కినవాటితో పెద్ద పెద్ద వెబ్‌సైట్లనే పడగొట్టారు. సొంతదారులకు తమ కెమెరా ఆ పని చేస్తోందని కూడా తెలియదు. రౌటర్‌లో రిమోట్ మేనేజ్‌మెంట్, అంటే బయటి నుంచి నెట్ ద్వారా రౌటర్ సెట్టింగ్స్ మార్చే వీలు, ఆన్‌లో ఉంటే అదీ ఆపండి.

యాంకర్: కరీంనగర్ నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని.

కాలర్ (కరీంనగర్): సార్, వైఫై పేరు కనిపించకుండా దాచేశాం. చాలు కదా?

ఇంజనీర్: చాలదమ్మా. మామూలు ఉచిత యాప్‌లు కూడా దాన్ని పట్టేస్తాయి. దాని బదులు రౌటర్‌లో డబ్ల్యూపీఎస్ ఆపు, అంటే వైఫై పాస్‌వర్డ్ కొట్టకుండానే పరికరాలను కలిపే సదుపాయం. అందులో ఎనిమిది అంకెల పిన్ ఉంటుంది. రౌటర్ దాన్ని రెండు ముక్కలుగా సరిచూస్తుందని 2011లో బయటపడింది. పది కోట్లసార్లు ప్రయత్నించాల్సిన చోట 11,000 సరిపోయాయి.

యాంకర్: నక్కలగుట్ట అమ్మ మళ్లీ లైన్‌లోకి వచ్చారు.

కాలర్ (నక్కలగుట్ట): సార్, మా ఇంట్లో రెండు ఫోన్లు, ఒక టీవీ. జాబితాలో తొమ్మిది ఉన్నాయి! రెండు పాస్‌వర్డ్‌లూ మార్చాం. ఐదు నిమిషాలు కాలేదు, పైనుంచి ఒక పిల్లవాడు దిగొచ్చి "మేడం, నెట్ పోయిందా?" అన్నాడు. మొహం చిన్నబుచ్చుకుని నిలబడ్డాడు. నాకే మనసు ఉండబట్టలేదు. మాక్ టెస్టులు నెట్‌లోనే రాస్తారట.

ఇంజనీర్: ఇవ్వాలనుంటే ఇవ్వండమ్మా, మీ తాళం మాత్రం కాదు. అదే పేజీలో గెస్ట్ నెట్‌వర్క్ ఉంటుంది. ఆన్ చేసి వేరే పేరు, వేరే పాస్‌వర్డ్ పెట్టండి. దాన్ని వాడేవాళ్లు మీ టీవీ, ఫోన్ల వైపు రాలేరు. స్పీడ్ పరిమితి ఉంటే పెట్టండి, మీ నెట్ కూడా కదులుతుంది. ఒక్కటి మాత్రం వాళ్లతో కూర్చుని మాట్లాడండి. ఈ కనెక్షన్ మీ పేరు మీద ఉంది. దీని నుంచి ఏ తప్పుడు పని జరిగినా పోలీసులు ముందు మీ తలుపే తడతారు. మీ ఖాతా నుంచి డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

కాలర్: మాట్లాడతాను సార్. టీవీ ఇప్పుడు పాస్‌వర్డ్ అడుగుతోంది.

ఇంజనీర్: కొత్తది అందులోనూ కొట్టాలమ్మా. అక్షరాలు మెల్లగా చూసుకుంటూ కొట్టండి.

కాలర్: కాగితం తెచ్చుకుంటాను, లైన్‌లోనే ఉండండి.