కూర ఉడుకుతుంది, ఉల్లిపాయ ముక్క ఉడకదు

మహిళా సంఘాల అక్కచెల్లెళ్లకు, చికెన్ సెంటర్లు నడుపుతున్న తమ్ముళ్లకు నమస్కారం.

పశువైద్యుణ్ణి కాబట్టి నన్ను తరచూ అడుగుతుంటారు: "డాక్టరుగారూ, మనకు జబ్బు తెచ్చే కోడిని ఎలా గుర్తుపట్టాలి?" సాల్మొనెల్లా, కాంపిలోబాక్టర్ అనే బ్యాక్టీరియా విషయంలో గుర్తుపట్టలేం. నిక్షేపంగా మేత తినే కోడి పేగుల్లోనే ఈ బ్యాక్టీరియా ఉండొచ్చు. మాంసం రంగు మారదు, వాసన రాదు. మనకు మాత్రం విరేచనాలు, జ్వరం, కడుపునొప్పి. సాల్మొనెల్లా సాధారణంగా 6 గంటల నుంచి 3 రోజుల్లోగా బయటపడుతుంది. కాంపిలోబాక్టర్‌కు 2 నుంచి 5 రోజులు పడుతుంది. అందుకే ఆదివారం తిన్న కోడిని మరిచిపోయి, బుధవారం తిన్న ఇడ్లీని అనుమానిస్తాం.

తమ్ముళ్లూ, పేగుల్లో ఉన్నది మాంసానికి అంటేది మీ చేతుల దగ్గరే. పేగు తెగితే ఆ మలం కత్తికి, మొద్దుకి, తర్వాత కోసే కోడికి అంటుతుంది. కోయడానికి ముందు 8 నుంచి 12 గంటలు మేత ఆపి, నీళ్లు మాత్రం పెట్టండి. పేగులు ఖాళీ అయితే తెగినా కారేది తక్కువ. పొద్దున పట్టిన బకెట్ నీళ్లలోనే మధ్యాహ్నం దాకా కోళ్లను ముంచి తీయడం మానండి. ధార నీళ్లు కావాలి. గాట్లు పడిన మొద్దును ఎంత తోమినా లోపలి తునకలు రావు, దాన్ని మార్చాల్సిందే.

ఇక మన వంటింటికి వద్దాం. కోడికూరను మనం కుతకుతా ఉడికిస్తాం. ముక్క మధ్యలో 74 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలితే ఈ బ్యాక్టీరియా చచ్చిపోతుంది. కూర అంతకన్నా ఎక్కువే కాగుతుంది. మరి జబ్బు ఎలా వస్తోంది? కోడిని కోసిన పీట మీదే, అదే కత్తితో, ఉల్లిపాయ చక్రాలు, నిమ్మచెక్కలు కోస్తాం. అవి పచ్చిగానే కంచంలోకి వస్తాయి. పచ్చిమాంసం పట్టుకున్న చేత్తోనే ఉప్పు డబ్బా తెరుస్తాం, పిల్లాడికి మంచినీళ్లిస్తాం. ఒక్క మాట పాటించండి: కూరగాయలు ముందు కోసి పక్కన పెట్టుకుని, కోడి పని ఆఖర్న చేయండి. ఆ వెంటనే పీట, కత్తి, చేతులు సబ్బుతో కడగండి.

కోడిని కుళాయి కింద జోరుగా కడిగితే తుంపరలు సింకు, గట్టు, పక్కనున్న గిన్నెల మీద పడతాయి. ఉప్పు, పసుపు పట్టించి కడిగినా బ్యాక్టీరియా పోదు. నిజానికి కడగనక్కర్లేదు, నిప్పే ఆ పని చేస్తుంది. మనసొప్పకపోతే గిన్నెలో నీళ్లు పోసి మెల్లగా కడిగి, తర్వాత సింకును సబ్బుతో తోమండి.

గుడ్డు సంగతీ ఇంతే. 2024 అక్టోబరు 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్డుతో చేసే మయోనైజ్ అనే చిక్కటి సాస్‌ను ఏడాదిపాటు నిషేధించింది. మంచి పని చేసిందని నా అభిప్రాయం. ఎందుకంటే అందులో గుడ్డు నిప్పు మొహమే చూడదు. జిమ్‌కెళ్లే కుర్రాళ్లకు కూడా చెప్పండి, గుడ్డు ఉడికించుకునే తినమని.

మిగిలిన బిర్యానీని రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి, ఎండాకాలం ఇంకా ముందే. తినేటప్పుడు పొగలు వచ్చేదాకా వేడిచేయండి.

విరేచనాలు పట్టుకుంటే వెంటనే ఓఆర్ఎస్ తాగించడం మొదలుపెట్టండి. రక్తం పడినా, జ్వరం తగ్గకపోయినా ఆసుపత్రికి వెళ్లండి. పసిపిల్లలు, గర్భిణులు, ముసలివాళ్ల విషయంలో అంతదాకా ఆగొద్దు. మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ వేయకండి, అది డాక్టరు చూసి రాయాల్సిన మందు.