హెలికాప్టర్‌లో కణుపు ఎక్కడుంది?

నమస్తే అండీ. మొన్న మా మేనల్లుడు ఇంగ్లిష్ వర్డ్ ఫార్మేషన్ చదువుకుంటూ నోట్‌బుక్‌లో ఇలా రాసుకున్నాడు. అది చూశాకే ఈ వీడియో చేద్దామనిపించింది.

[తెర మీద: హెలి = సూర్యుడు, కాప్టర్ = ఎగిరే యంత్రం]

ఎవరు చెప్పార్రా అంటే, "కోచింగ్ మెటీరియల్‌లోనే ఉంది మావయ్యా" అన్నాడు. ఇదే ముక్క నేను చాలా చోట్ల చూశాను. చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. అసలు కథ ఇంతకంటే ఎంతో బాగుంటుంది మరి.

[క్లోజప్: చెరకు గడ, కణుపు మీద బొటనవేలు]

ఇదిగో, కణుపు. ఇక్కడ వేలు పెడితే గట్టిగా ఉబ్బెత్తుగా తగులుతుంది, పక్కనే చిన్న కన్ను ఉంటుంది. మాటలకీ ఇలాంటి కణుపులుంటాయి. రెండు ముక్కలు అతుక్కున్న చోటన్నమాట. హెలికాప్టర్‌లో కణుపు 'హెలి' తర్వాత లేదు, 'హెలికో' తర్వాత ఉంది. హెలికో, ప్టర్. రెండూ గ్రీకు ముక్కలే. హెలికో అంటే మెలి తిరిగినది. డీఎన్ఏ పాఠంలో డబుల్ హెలిక్స్ అని చదువుకున్నారే, ఆ హెలిక్సే ఇది. 'ప్టెరోన్' అంటే రెక్క. బైపీసీ వాళ్లకు డిప్టెరా, లెపిడోప్టెరా గుర్తుండే ఉంటాయి. ఈగలు, సీతాకోకచిలుకలు. వాటి రెక్కే ఇక్కడా ఉంది. మెలి తిరిగే రెక్క! 1861లో గుస్తావ్ దె పోంతోన్ దామెకూర్ అనే ఫ్రెంచ్ ఆయన కట్టిన పేరిది. మనిషిని మోసుకెళ్లే హెలికాప్టర్ అప్పటికింకా పుట్టనే లేదు.

మరి సూర్యుడు ఎక్కణ్నుంచి వచ్చాడు? అది 'హీలియో', వేరే మాట. హీలియం వాయువు పేరులో ఉన్నది అదే. 1868 ఆగస్టు 18న వచ్చిన సంపూర్ణ సూర్యగ్రహణాన్ని జాన్సెన్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త మన గుంటూరు నుంచే చూశారు. ఆ ఏడాది సూర్యుడి వెలుగులో కనబడిన ఒక పసుపు గీత వల్లే హీలియంకి ఆ పేరొచ్చింది. గుంటూరు దాకా వచ్చిన సూర్యుణ్ని తీసుకెళ్లి హెలికాప్టర్‌కి తగిలించకండి, దయచేసి.

సరే, ఇంగ్లిష్ వాళ్లు మాత్రం కణుపు దగ్గర ఎందుకు విరవలేదు? నోరు తిరగక. ఇంగ్లిష్‌లో మాట మొదట్లో 'ప్ట' పలకదు. టెరోడాక్టిల్ స్పెల్లింగ్ చూడండి, ముందు 'పి' ఉంటుంది, నోట్లోంచి మాత్రం రాదు. అందుకని చెవికి ఎక్కడ తెగినట్టు వినిపిస్తే అక్కడ విరిచారు. మనం చిన్నప్పుడు రామాలయం విడదీయమంటే 'రామా + లయం' అని రాసి మార్కు పోగొట్టుకున్నామే, సరిగ్గా అదే తప్పు. రామ, ఆలయం అని లోపల ఉన్న రెండు మాటలూ చెవికి వినబడవు కదా.

ఇక్కడి నుంచే నాకు నిజంగా ఇష్టమైన భాగం. చెరకు నాటేటప్పుడు గడని ముచ్చెలుగా నరుకుతారు, మూడేసి కళ్లు ఉండేట్టు. కణుపు మీద కన్ను ఉంటేనే మొలక వస్తుంది. కానీ మాటల చేలో కణుపు లేని ముక్క కూడా మొలిచింది! 'హెలి'ని నాటితే హెలిప్యాడ్, హెలిపోర్ట్ వచ్చాయి. 'కాప్టర్'ని నాటితే క్వాడ్‌కాప్టర్ వచ్చింది, పెళ్లిళ్లలో తల మీద తిరుగుతూ వీడియో తీసే డ్రోన్. "మరి హెలిప్యాడ్ తప్పా మావయ్యా?" అని అడిగాడు మావాడు. తప్పు కాదురా. మొలిచి కాపు కాసిన మాటను తప్పనకూడదు. 'హెలి అంటే సూర్యుడు' అనడం మాత్రం తప్పే.

బర్గర్ కూడా ఇలాంటి ముచ్చే. హాంబర్గర్‌లో కణుపు 'హామ్' తర్వాత లేదు, హాంబర్గ్ అనే జర్మన్ ఊరి పేరు తర్వాత ఉంది. 'అర్' చేరిస్తే హాంబర్గ్‌కి చెందినది అని. హామ్ అంటే పంది మాంసం కాబట్టి దాన్ని ఒక ముక్క అనుకుని, మిగిలిన 'బర్గర్'ని విడిగా నాటారు. చీజ్‌బర్గర్, వెజ్ బర్గర్ అన్నీ అక్కడివే. జర్మన్‌లో బర్గ్ అంటే కోట. మనం తినే ఆలూ బర్గర్‌లో ఇప్పటికీ ఆ కోట అలాగే ఉంది.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. ఆల్కహాలిక్‌లో చివరి ముక్క 'ఇక్' ఒక్కటే. 'అహాలిక్' అని ఎక్కువ విరిచి వర్కహాలిక్, షాపహాలిక్ చేశారు. వాటర్‌గేట్ వాషింగ్టన్‌లో ఒక భవన సముదాయం పేరు. 1972లో అక్కడ మొదలైన అమెరికా రాజకీయ కుంభకోణం తర్వాత ఏ గొడవకైనా చివర 'గేట్' తగిలించేస్తున్నారు. బ్రంచ్‌ని మాత్రం వీటితో కలపకండి. అది బ్రేక్‌ఫాస్ట్‌కీ లంచ్‌కీ కావాలని కట్టిన అంటు, మామిడికి కట్టినట్టు.

ఆఖరుగా, పక్క మాటకి అతుక్కుపోయిన ముక్కలు. క్రికెట్ అంపైర్ అసలు 'నంపైర్' లాంటి మాట. పాత ఫ్రెంచ్‌లో 'నాన్‌పేర్', అంటే జతలో లేనివాడు, ఇద్దరి మధ్య మూడోవాడు. 'ఎ నంపైర్' అంటుంటే 'యాన్ అంపైర్' అని వినబడి, 'న' వెళ్లి ముందు మాటలో చేరిపోయింది. ఏప్రన్ కూడా అంతే, ఒకప్పుడు నేప్రన్.

[చేతిలో నారింజ]

ఇది సంస్కృతంలో నారంగ, పర్షియన్‌లో నారంగ్, అరబిక్‌లో నారంజ్. యూరప్‌లో ప్రయాణం చేస్తూ చేస్తూ ముందున్న 'న' రాలిపోయింది, ఇంగ్లిష్‌కి చేరేసరికి ఆరెంజ్ అయింది. మన నారింజకి మాత్రం ఆ 'నా' ఇంకా ఉంది.