కూరగాయల కత్తి: కొనేటప్పుడు ఏం చూడాలి, ఇంట్లో ఎలా వాడాలి

[తెర మీద: చెక్క పలక, దాని మీద బాగా పండిన టమాటా, పక్కన రెండు కత్తులు]

నమస్తే అండి, ముందు ఈ టమాటా చూడండి. కక్కలపల్లి మండీ సరుకు, బాగా పండింది, వేలితో నొక్కితే లోపలికి దిగిపోయేట్టుంది. ఇప్పుడు ఈ కత్తిని తోలు మీద ఆనించి, నొక్కకుండా, ఊరికే వెనక్కి లాగుతున్నా. తెగింది. ఇప్పుడు రెండోది. చూడ్డానికి దీనికంటే తళతళలాడుతోంది, ధర కూడా ఎక్కువే. అలాగే లాగుతా... జారింది. ఇంకోసారి... తోలు ముడతపడింది గానీ తెగలేదు. కాస్త గట్టిగా నొక్కితే, అదిగో, లోపలి గుజ్జంతా పలక మీదికొచ్చింది.

వేళ్ళు ఎక్కువగా తెగేది ఈ రెండో రకం కత్తితోనే. పదునున్న కత్తి మనం పెట్టిన చోట దిగుతుంది. మొద్దు కత్తి జారుతుంది, జారుతుందని మనం ఇంకా బలం పెడతాం, ఆ బలమంతా ఎడమచేతి మీదికి వస్తుంది. "మా ఇంట్లో పిల్లలున్నారు, పదును కత్తి వద్దులే" అనేవాళ్ళకి నేను చెప్పేది ఇదే, పిల్లలకి అందకుండా పెట్టండి గానీ కత్తిని మొద్దుగా ఉంచి జాగ్రత్తగా ఉన్నామనుకోవద్దు.

[తెర మీద: కత్తిపీట ముందు కూర్చుని మటిక్కాయలు కోస్తున్న అవ్వ చేతులు]

కత్తి కొనేముందు ఒకసారి మా అవ్వ చేతులు చూడండి. కత్తిపీట దగ్గర కత్తి కదలదు, కాయ కదులుతుంది. పీటని కాలు తొక్కిపట్టి ఉంటుంది కాబట్టి రెండు చేతులూ కాయ మీదే ఉంటాయి. నాలుగైదు మటిక్కాయలు గుత్తిగా పట్టుకుని ముందుకు తోస్తోంది, అన్నీ ఒకే కొలతలో పడుతున్నాయి, ఆమె చూపు మాత్రం నా వైపే ఉంది. "నువ్వు ఆ చాకుతో కోసేలోపల నేను పులుసే దించేస్తా" అంటుంది. నిజమే, దించేస్తుంది.

తర్వాత నిలబడి వండే గట్లు వచ్చాయి, చేతిలోకి చాకు వచ్చింది, అలవాటు మాత్రం కత్తిపీటదే మిగిలిపోయింది. ఎడమచేత్తో ఎర్రగడ్డని గాల్లో పట్టుకుని, చాకుని బొటనవేలి వైపు లాక్కుంటూ కోస్తాం. మన అనంతపురంలో ఏ ఇంటికి వెళ్ళినా ఇదే చూస్తాను. బీన్స్ నార తీయడానికి, తెల్లగడ్డ తొక్క తీయడానికి అలా పట్టుకుంటే పర్వాలేదు. ఉర్లగడ్డ, ముల్లంగి, సొరకాయ లాంటివి మాత్రం పలక మీద పెట్టి కోయాల్సినవే. చాకుతో కోసేటప్పుడు కదిలేది కత్తి, కదలకూడనిది కాయ. అంతా తిరగబడింది కాబట్టి చేతులకీ కొత్త పాఠం కావాలి. దాని సంగతి కాసేపట్లో చూద్దాం, ముందు షాపుకి వెళ్దాం.

[తెర మీద: పాతూరు బజారు, స్టీలు సామాన్ల అంగడి]

అంగట్లో కత్తులు అడిగితే ముందుగా తీసేది సెట్. రంగురంగుల పిడులతో అయిదారు కత్తులు, ఒక స్టాండు, కొన్నిట్లో కత్తెర కూడా. వద్దన్నా అని పక్కన పెట్టించండి. ఇంటి వంటకి రెండు చాలు. పెద్దది ఒకటి, అలుగు, అంటే పిడి కాకుండా కోసే భాగం, 6 నుంచి 8 అంగుళాలు ఉండాలి, 8 అంగుళాలంటే 20 సెంటీమీటర్లు. చిన్నది ఒకటి, 3 నుంచి 4 అంగుళాలు. 8 అంగుళాల కత్తి చూడగానే చాలామంది "అమ్మో, ఇది మటన్ కొట్టేదా" అంటారు. కాదు, క్యాబేజీని ఒక్క కోతలో రెండు చెక్కలు చేయాలంటే ఆ పొడవు కావాలి. చేయి చిన్నదైతే జపాన్‌వాళ్ళ శాంతోకు రకం చూడండి, 7 అంగుళాల లోపే ఉంటుంది, వెడల్పుగా ఉంటుంది, ఆకుకూరలకి బాగా పనికొస్తుంది.

కత్తి చేతికిచ్చాక చూడాల్సినవి చూపిస్తా. వెలుతురు వైపు తిప్పి అంచుని మీ కళ్ళకి నేరుగా పెట్టుకోండి. పదునున్న అంచు అసలు కనపడదు. ఎక్కడైనా తెల్లగా సన్నని గీత మెరిసిందంటే అక్కడ అంచు మొద్దుగా ఉన్నట్టే. తర్వాత కత్తి వీపు కాదు, అంచుకి కాస్త పైన ఎంత మందం ఉందో చూడండి. అక్కడ లావుగా ఉంటే ఎంత నూరినా క్యారెట్‌ని కోయదు, గొడ్డలి కట్టెని చీల్చినట్టు టప్‌మని పగలగొడుతుంది. ఆ తర్వాత కౌంటర్ మీద కత్తిని కోసేటట్టే పెట్టి పట్టుకోండి, మీ వేలి కణుపులు కింద తగులుతున్నాయా? తగిలితే అది వెడల్పు చాలని కత్తి, ధర తగ్గించినా తీసుకోవద్దు.

పిడి దగ్గర సందు ఉండకూడదు, అందులోకి నీళ్ళు, చింతపండు రసం దిగి లోపల తుప్పు పడుతుంది. అలుగు ఇనుము పిడి చివరిదాకా వచ్చి, రివెట్లతో బిగించి ఉంటే గట్టిగా నిలుస్తుంది. అలా లేని కత్తులన్నీ చెడ్డవని కాదు, తేలికపాటి ప్లాస్టిక్ పిడితో ఏళ్ళ తరబడి పనిచేసే మంచి కత్తులూ ఉన్నాయి. ఊగకుండా ఉందా, తడిచేత్తో పట్టుకుంటే జారకుండా ఉందా, అదే అసలు విషయం. "జీవితాంతం నూరక్కర్లేదు" అని రాసి అమ్మేవాటికి మాత్రం దూరంగా ఉండండి. వాటి అంచు మీద కంటికి కనపడీ కనపడని సన్నని పళ్ళుంటాయి. మొదట్లో టమాటాని బాగా పీకుతూ కోస్తాయి, ఆ పళ్ళు అరిగాక ఇంట్లో నూరి బాగుచేయడం కుదరదు.

ఇనుము సంగతి. స్టెయిన్‌లెస్ స్టీల్ అంటే కనీసం 10.5 శాతం క్రోమియం కలిసిన ఉక్కు. ఆ క్రోమియం పైన కంటికి కనపడని పొరలా ఏర్పడి తుప్పుని ఆపుతుంది. రెండోది కార్బన్ స్టీల్, మన కమ్మరివాళ్ళు లారీ కమాను పట్టీలతో చేసే కత్తులు ఈ జాతివే. త్వరగా పదునెక్కుతాయి. కానీ నిమ్మకాయ కోసి అలా వదిలేస్తే మధ్యాహ్నానికి నల్లమచ్చ, తడిగా వదిలేస్తే తెల్లారేసరికి తుప్పు. కోసిన వెంటనే కడిగి తుడిచే ఓపికుంటే కమ్మరి కత్తికి నా ఓటు, లేదంటే స్టెయిన్‌లెస్సే తీసుకోండి. ఉక్కు గట్టిదనాన్ని రాక్‌వెల్ లెక్కలో చెప్తారు. యూరప్ రకం కత్తులు 54 నుంచి 58 మధ్య, జపాన్‌వి 60 పైన ఉంటాయి. గట్టిది ఎక్కువ రోజులు పదును నిలుపుకుంటుంది, కాకపోతే గట్టి ఎముక తగిలితే అంచు పెళుసుగా ఊడుతుంది. మన ఇళ్ళల్లో ఒకే కత్తి పదిమంది చేతుల్లో తిరుగుతుంది కాబట్టి 60 పైన ఉన్నది కొని టెన్షన్ పడే బదులు కాస్త మెత్తటిదే నయం.

[తెర మీద: నల్లటి కడప బండ గట్టు. దాని మీదే నేరుగా పచ్చిమిరపకాయలు తరుగుతున్న చేయి. ఆపు.]

ఇక్కడ ఆపండి. మన జిల్లాల్లో సగం వంటగట్లు కడప బండే, కొత్త ఇళ్ళల్లో గ్రానైట్. కత్తుల ప్రాణం పోయేది ఇక్కడే. అంచు ఎంత సన్నగా ఉంటుందంటే, లొంగని దాని మీద పడ్డ ప్రతిసారీ అది పక్కకి మడత పడుతుంది. స్టీలు ప్లేటు, గాజు పలక, బండ, మూడూ ఒకటే. చెక్క గానీ ప్లాస్టిక్ గానీ పలక పెట్టుకోండి, కింద తడిగుడ్డ పరిస్తే గట్టు మీద జరగదు. ఈ తడిగుడ్డ పైసా ఖర్చులేని పని, కానీ చేసేవాళ్ళు నాకు కనపడరు. మాంసానికీ కూరగాయలకీ వేరు పలకలుంటే మంచిది.

[తెర మీద: దగ్గరి నుంచి కుడిచేయి]

పట్టు చూడండి. పిడి చివర పట్టుకుంటే కత్తి మొన ఊగుతుంది. చూపుడు వేలు కత్తి వీపు మీద చాపి పెట్టేవాళ్ళు ఎక్కువ, అది కూడా నిలకడగా ఉండదు. బొటనవేలు, చూపుడువేలు, ఈ రెండింటితో అలుగుని పిడికి కాస్త ముందు అటూ ఇటూ పట్టుకోండి, మిగతా మూడు వేళ్ళు పిడి చుట్టూ వేయండి. మొదట్లో వింతగా ఉంటుంది, వారం వాడితే పాత పట్టే వింతగా అనిపిస్తుంది.

ఎడమచేయి ఇంకా ముఖ్యం. వేళ్ళ కొసలు లోపలికి ముడవండి, గోళ్ళు కాయ మీద నిలబడాలి, బొటనవేలు వాటి వెనక దాక్కోవాలి. ముందుకొచ్చేది మధ్యవేలి కణుపు ఒక్కటే. అలుగు పక్కభాగం ఆ కణుపుని ఆనుకుని కదులుతుంది. కత్తిని కణుపు కంటే పైకి ఎత్తనంతవరకూ వేలు తెగే దారి లేదు. ముక్క మందం ఎంతుండాలో ఈ కణుపే చెప్తుంది, ఎంత వెనక్కి జరిపితే అంత మందం.

ఇంక కోత. పైనుంచి కిందికి కొట్టొద్దు. ముందుకు తోస్తూ దించండి, లేదా వెనక్కి లాగుతూ దించండి. కొంచెమైనా జరుపు ఉండాలి, ఇందాక టమాటా తెగింది ఆ జరుపుతోనే.

[తెర మీద: ఎర్రగడ్డ, నిలువునా రెండు చెక్కలు]

ఉగ్గానికి ఎర్రగడ్డ కోద్దాం. తల కోయండి, వేర్లున్న అడుగు మాత్రం కోయొద్దు, పొరలన్నిటినీ పట్టి ఉంచేది అదే. నిలువుగా రెండు చెక్కలు చేసి, తొక్క తీసి, చదునుగా ఉన్న వైపు పలక మీద బోర్లించండి. గుండ్రటి కాయ ఏదైనా ముందు ఒక చదును వైపు చేసుకోవాలి, గుమ్మడికాయకైనా ఇదే సూత్రం. ఇప్పుడు అడుగు తెగకుండా నిలువుగా గీతలు, ఆ తర్వాత అడ్డంగా కోత. చూడండి, ముక్కలు వాటంతటవే రాలుతున్నాయి. సన్న ముక్కలు కావాలంటే గీతలు దగ్గరగా పెట్టండి.

కళ్ళ నీళ్ళ గురించి అందరూ అడుగుతారు. ఎర్రగడ్డ కణాలు చితికినప్పుడు లోపల విడివిడిగా ఉన్న ఎంజైమ్, గంధకం ఉన్న పదార్థం కలిసిపోయి కళ్ళని మండించే వాయువు పుడుతుంది. 2025లో అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ పరిశోధకులు ఎర్రగడ్డ కోస్తుంటే హైస్పీడ్ కెమెరాతో తీసి చూశారు. మొద్దు కత్తి కింద పొర ముందు వంగుతుంది, లోపల ఒత్తిడి పెరిగి ఒక్కసారిగా చిట్లుతుంది, రసం తుంపరలుగా పైకి ఎగురుతుంది. పదును కత్తితో నెమ్మదిగా కోస్తే ఆ తుంపరలు తగ్గాయి. కర్నూలు గడ్డలైనా, ఘాటున్న కడప జిల్లా కేపీ (కృష్ణాపురం) గడ్డలైనా ఇదే మందు. నోట్లో నీళ్ళు పెట్టుకోవడం, తలమీద గడ్డ తొక్క పెట్టుకోవడం లాంటివి సరదాకి చేసుకోండి.

కోసిన ముక్కల్ని గిన్నెలోకి తోసేటప్పుడు చాలామంది అంచుతో పలకని గీకుతారు. కత్తి తిప్పి వీపుతో తోయండి. కత్తి చేయిజారితే పట్టుకోబోవద్దు, కాళ్ళు వెనక్కి తీసుకుని పడనివ్వండి.

[తెర మీద: నీళ్ళల్లో నానిన నూరే రాయి]

ఇప్పుడు నూరడం. సైకిల్ మీద చక్రం తిప్పుతూ వచ్చేవాళ్ళ దగ్గర సాన పట్టించుకోవచ్చు, కత్తిపీటకి అది చక్కగా సరిపోతుంది. పల్చటి కత్తి ఇస్తే మాత్రం పక్కనే నిలబడండి. ఎక్కువసేపు చక్రానికి ఆనిస్తే అంచు వేడెక్కి నీలం రంగు తిరుగుతుంది, అంటే అక్కడ ఉక్కు గట్టిదనం పోయింది, ఇంక ఎంత నూరినా ఆ చోట పదును నిలవదు. మధ్యమధ్యలో నీళ్ళల్లో ముంచమని అడగండి.

ఇంట్లో అయితే 1000 గ్రిట్ రాయి ఒకటి చాలు. గ్రిట్ అంటే రాయి గరుకుని చెప్పే అంకె, అంకె తగ్గేకొద్దీ గరుకు ఎక్కువ. అంచు ముక్కలు ముక్కలుగా ఊడిపోయి ఉంటేనే ముందు 400 కావాలి. కోణం ఎలా పట్టుకోవాలంటే, కత్తిని రాయి మీద నిట్టనిలువుగా పెట్టండి, సగం వంచండి, మళ్ళీ అందులో సగం వంచండి, ఇంకొంచెం దించండి. అది దాదాపు 20 డిగ్రీలు, మామూలు కత్తికి సరిపోతుంది. జపాన్ రకాలకి 15. ఆ కోణం మారకుండా ఒక వైపే నూరుతూ పొండి, ఎన్నిసార్లు అని లెక్క పెట్టుకోవద్దు. అవతలి వైపు అంచు నుంచి బయటికి బొటనవేలితో మెల్లగా తడిమితే గరుకుగా సన్నని అంచు తగలాలి, దాన్ని బర్ అంటారు. పిడి దగ్గర నుంచి మొనదాకా అది తగిలాకే రెండో వైపు తిప్పండి. తగలకముందే తిప్పితే పదును రాదు, "రాయి మంచిది కాదు" అని రాయిని తిడతాం. చివర్లో చేయి తేలిక చేసి, అటొకసారి ఇటొకసారి లాగితే ఆ గరుకు పోతుంది. కాగితం పట్టుకుని కోసి చూసుకోండి.

[తెర మీద: బోర్లించిన పింగాణీ కప్పు]

రాయి లేదు, చుట్టాలు వచ్చేశారు అంటే కప్పు బోర్లించండి. అడుగున మెరుగు లేని గరుకు అంచు ఉంటుంది కదా, దాని మీద అదే కోణంలో అటూ ఇటూ కొన్నిసార్లు లాగితే ఆ పూటకి గడిచిపోతుంది. వంటవాళ్ళు వాడే పొడవాటి ఉక్కు కడ్డీ నూరడానికి కాదు, మడత పడ్డ అంచుని నిలబెట్టడానికి, పూర్తిగా మొద్దుబారిన కత్తిని అది కాపాడదు.

వాడాక సింకులో గిన్నెల కింద వదలొద్దు, చేయి పెట్టినవాళ్ళకీ ప్రమాదం, అంచుకీ దెబ్బే. వెంటనే కడిగి, తుడిచి, అట్టముక్కతో చేసిన తొడుగులో పెట్టండి. కార్బన్ స్టీల్ అయితే ఒక చుక్క కొబ్బరినూనె రాయండి.

కొబ్బరికాయ చెక్క నుంచి కొబ్బరి పెళ్ళగించడం, డబ్బా మూతలు తెరవడం, నాటుకోడి బొమికలు కొట్టడం ఈ కత్తితో చేయొద్దు. బొమికలకి బరువైన మచ్చుకత్తి, కింద చింతమొద్దు ఉండాలి. ఆవకాయ కాయలకి టెంక తెగాలి కాబట్టి దానికి పీటకి బిగించిన కత్తే వాడండి.

కత్తిపీటని మాత్రం అటక మీదికి తోసేయకండి. పెద్ద గుత్తి గోంగూర, అరటిపువ్వు, చేపల పొట్టు, పెళ్ళి వంటకి పది కిలోల వంకాయలు, వీటి దగ్గర మా అవ్వతో పోటీకి నేను దిగను. దాన్ని కూడా ఏడాదికోసారి సాన పట్టించండి, కొబ్బరికోరు పళ్ళున్న పీట అయితే ఆ పళ్ళ జోలికి పోవద్దని సానవాళ్ళకి ముందే చెప్పండి.