కుందేలుకి నెలల తరబడి యాంటీబయాటిక్: నోట్లో పోయాలా, సూది వేయాలా?

[వంటగది గట్టు. ఖాళీ సిరప్ సీసా. పక్కన కూరలు తూచుకునే చిన్న డిజిటల్ కాటా.]

ఈ సీసాలో ఉండేది అమాక్సిసిలిన్. పిల్లలకి చెవిపోటొచ్చినా గొంతు నొప్పొచ్చినా డాక్టర్లు రాసే మందే. నాలుగేళ్ల కిందట మా కుందేలు బెల్లం తుమ్ముతోందని మందుల షాపుకెళ్లి అడిగాను. "పసిపిల్లలకేసేదే కదమ్మా, కుందేలుకేటవుద్ది" అని తీసిచ్చాడు. నేనూ నమ్మేశాను. రెండో రోజుకి తుమ్ములు తగ్గాయి, ఇంట్లో అందరం సంతోషించాం. మూడో రోజు గడ్డి ముట్టలేదు. నాలుగో రోజు నీళ్ల విరేచనాలు. ఐదో రోజు తెల్లారేసరికి లేదు.

తుమ్ములకి ఏ కుందేలూ అంత త్వరగా పోదు. నేను పోసిన మందుకే పోయింది.

[కెమెరా గదిలోకి. ఒళ్లో తువ్వాలులో చుట్టిన లేత గోధుమరంగు కుందేలు.]

ఇది జీడి. జీడిపప్పుకి పేరున్న పలాస నుంచి తెచ్చాం, రంగు కూడా జీడిపప్పుదే, అందుకా పేరు. దీనికి ఎడమ కింది దవడ మీద చీముగడ్డ లేచింది. 11 వారాలు యాంటీబయాటిక్ పడింది. ఏం మందనుకుంటున్నారు? పెనిసిలిన్. బెల్లం ప్రాణం తీసిన అమాక్సిసిలిన్‌కి సొంత అక్క వరస. అదే కుటుంబం మందు ఒకదాన్ని చంపింది, ఇంకోదాన్ని నిలబెట్టింది. ఆ తేడా ఎక్కడుందో నాకు అర్థమైనంత మేర చెప్తాను. నేను డాక్టర్ని కాదు, శ్రీకాకుళంలో కుందేళ్లు పెంచుకునే మనిషిని. మోతాదులు మాత్రం చెప్పను, కామెంట్లో అడిగినా చెప్పను.

[తెల్లబోర్డు. మార్కరుతో గీసిన కుందేలు బొమ్మ.]

బొమ్మ మా తమ్ముడు గీశాడు. గేదెలా ఉంది, సర్దుకోండి.

(కెమెరా వెనక నుంచి: "కడుపు పెద్దదిగా గియ్యమన్నావు కదప్పా!")

కడుపు పెద్దదే. ఇదిగో, చిన్నపేగు అయిపోయిన చోట ఈ సంచి. పాఠం పుస్తకాల్లో అంధనాళం అంటారు, డాక్టర్లు సీకం అంటారు. కుందేలు జీర్ణాశయం కంటే ఇది దాదాపు పది రెట్లు పెద్దది. పెరట్లో గోబర్ గ్యాస్ తొట్టి చూసిన వాళ్లకి ఇంకేం చెప్పక్కర్లేదు. పైనుంచి మేత పడుతూ ఉండాలి, లోపల కోటానుకోట్ల సూక్ష్మజీవులు దాన్ని పులియబెడుతూ ఉండాలి. ఆ పులిసిన సరుకు మెత్తగా, నల్లద్రాక్ష గుత్తిలా బయటికొస్తుంది. దాన్ని కుందేలు కింద పడనివ్వకుండా నోటితోనే అందుకుని మళ్లీ తింటుంది. చూసి ఛీ అనుకోకండి, దాని విటమిన్లు, మాంసకృత్తులు అందులోనే ఉంటాయి. మనం ఊడ్చి ఎత్తిపోసే గుండ్రటి గట్టి పెంటికలు వేరు.

ఇప్పుడా గోబర్ గ్యాస్ తొట్టిలో ఒక సీసా ఫినాయిల్ పోశారనుకోండి. నోట్లో అమాక్సిసిలిన్ పోయడమంటే అదే. మంచి సూక్ష్మజీవులు చస్తాయి. ఖాళీ అయిన చోట క్లాస్ట్రీడియం అనే జాతి పెరిగిపోతుంది, ముఖ్యంగా క్లాస్ట్రీడియం స్పైరోఫార్మీ. అది విడిచే విషం పేగుని కాల్చేస్తుంది. కుందేలు వాంతి చేసుకోలేదు, దాని ఒళ్లు అలా కట్టి ఉంది. లోపలికెళ్లింది లోపలే ఉండిపోతుంది.

[తెర మీద పెద్ద అక్షరాలు: నోటి ద్వారా వద్దు. పెనిసిలిన్, అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, క్లిండామైసిన్, లింకోమైసిన్, ఎరిత్రోమైసిన్, సెఫలెక్సిన్ లాంటి సెఫలోస్పోరిన్లు]

వీడియో ఇక్కడ ఆపి ఫోటో తీసుకోండి. ఇందులో అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, క్లిండామైసిన్, లింకోమైసిన్ ఏ దారిలోనూ వద్దు, సూదిలో కూడా.

మరి పెనిసిలిన్ ఎలా వేశారు? చర్మం కింద సూదిగా. అలా వేస్తే మందు రక్తంలోకెళ్లి, ఎక్కువ భాగం మూత్రపిండాల గుండా మూత్రంలో పోతుంది. సీకం దాకా చేరేది చాలా తక్కువ. మందు అదే, వెళ్లే వీధి వేరు.

గినీ పందులు పెంచేవాళ్లున్నారా? ఈ మాట మీకు చెల్లదు. వాటికి పెనిసిలిన్ సూదిలో వేసినా ప్రమాదమే, 1943లోనే ఆ సంగతి బయటపడింది. దీని వెనక ఒక ముచ్చటుంది. 1940 మే 25న ఆక్స్‌ఫర్డ్‌లో ఫ్లోరీ అనే శాస్త్రవేత్త బృందం పెనిసిలిన్‌ని మొదటిసారి ప్రాణుల మీద పరీక్షించింది. ఎనిమిది ఎలుకలకి రోగం ఎక్కించి, నాలుగింటికి మందిచ్చారు. మందు పడని నాలుగూ తెల్లారేసరికి చచ్చిపోయాయి. ఆ రోజు ఎలుకల బదులు గినీ పందుల్ని తీసుకుని ఉంటే, ఇదేదో విషం అనుకుని పక్కన పారేసేవాళ్లేమో!

(కెమెరా వెనక నుంచి: "అప్పా, జీడి నిద్దరోతంది.")

పోనీలే.

[దవడ దగ్గరగా. బొచ్చు కింద సన్నటి మచ్చ.]

ఇప్పుడు అసలు సంగతి, నెలలు ఎందుకు? మనిషికైతే ఐదు రోజులో ఏడు రోజులో వేసి వదిలేస్తాం కదా. కుందేలు చీము మన చీములా కారదు. టూత్‌పేస్టులా గట్టిగా ఉంటుంది. దాని చుట్టూ ఒళ్లు మందపాటి గోడ కట్టేస్తుంది. ఆ గోడకి రక్తం సరిగా అందదు, రక్తం అందని చోటికి మందెలా అందుతుంది? పైగా దవడ గడ్డల్లో చాలావాటికి మూలం పంటి వేరులోనే. కుందేలుకి 28 పళ్లు, అన్నీ బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి. గడ్డి నమిలి అరగదీసుకోకపోతే వేరు కిందికి, ఎముకలోకి తన్నుతుంది. ఎముకలో చీము పడితే వారాల్లో తేలదు.

గడ్డ కనపడగానే పగలగొట్టి పిండించేయాలనుకుంటాం. మా అమ్మ పసుపు పట్టేసింది కూడా. దానివల్ల ఒరిగేది లేదు, నెలకి మళ్లీ లేస్తుంది. ముందు ఎక్స్‌రే తీయాలి. ఆ తర్వాత గడ్డని గోడతో సహా తీసేయాలి, కారణమైన పన్ను ఉంటే అదీ తీయాలి. తీసినప్పుడు చీము మధ్యలోంచి కాదు, గోడ ముక్క కోసి కల్చర్ పరీక్షకి, అంటే ఏ బ్యాక్టీరియా ఉందో పెంచి చూసే పరీక్షకి, పంపమని అడగండి. మధ్యలో చీములో చాలాసార్లు బ్యాక్టీరియా అప్పటికే చచ్చి ఉంటాయి, రిపోర్టులో ఏమీ రాదు. ఈ ఒక్క మాట తెలిసుంటే నాకు మూడు వారాలు కలిసొచ్చేవి.

మా ఊళ్లో పశువుల డాక్టరుగారు ఉన్నమాట చెప్పేశారు: "నేను గేదెలు, మేకలు చూస్తాను తల్లీ. కుందేలు దవడ నేను కొయ్యను." ఆ మాటకి ఆయన మీద గౌరవం పెరిగింది నాకు. తెలియని పని చేసి నాశనం చేసేకంటే అది వెయ్యి రెట్లు నయం. మేం విశాఖ వెళ్లి చేయించుకున్నాం. విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. మన వైపు నుంచి విశాఖ వెళ్లే రైలు దారిలోదే, చీపురుపల్లి దాటాక. ముందు ఫోన్ చేసి కుందేళ్లు చూసేవాళ్లు ఏ రోజు ఉంటారో కనుక్కుని వెళ్లండి. ఎండాకాలమైతే తెల్లవారుజామున బయల్దేరండి. వేడికి కుందేలు దారిలోనే సొమ్మసిల్లిపోతుంది.

[సూది, దూది, గోడ క్యాలెండర్ మీద ఎర్ర గీతలు.]

రోజు విడిచి రోజు, మొత్తం 38 సూదులు. మొదటి మూడూ డాక్టరుగారి ముందు వేశాను, చేతులు వణికిపోయాయి. మెడ వెనక వదులు చర్మం గుడారంలా పైకి లాగి, దాని కింద గుచ్చాలి. ఇవాళ ఎడమ, ఎల్లుండి కుడి, ఒకేచోట పొడవకూడదు. చాలామంది పట్టించుకోనిది ఒకటుంది. సూది తీశాక ఒక బొట్టు మందు బొచ్చు మీదికి కారితే కుందేలు నాకేస్తుంది. నాకితే నోటి దారే కదా! అందుకే తడిదూదితో శుభ్రంగా తుడిచేసేదాన్ని. సీసా ఫ్రిజ్‌లో ఉండాలి. 2018లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా జిల్లా ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. అందుకని తుపాను కబురు వినగానే ఐసు డబ్బా సిద్ధం చేసుకోవడం మా ఇంట్లో అలవాటైపోయింది.

పట్టుకోవడం కూడా ఒక విద్యే. కుందేలు ఎముకలు తేలిక, వెనక కాళ్లు బలం. గట్టిగా తన్నుకుంటే దాని వెన్నెముక అదే విరగ్గొట్టుకుంటుంది. తువ్వాలులో చుట్టండి, నేల మీద కూర్చునే చేయండి.

అన్ని మందులూ సూదే అనుకోకండి. ఎన్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ దగ్గర లెక్క తిరగబడుతుంది. ముక్కు కారుతూ, ముందు కాళ్ల లోపలివైపు బొచ్చు అట్టకట్టుకుపోయే జబ్బు తెలుసు కదా, పాశ్చురెల్లా అనే బ్యాక్టీరియా వల్ల వచ్చేది. దానికి తరచూ ఇదే రాస్తారు. ఇది నోట్లో పోస్తే సీకం తట్టుకుంటుంది. సూదిగా మాటిమాటికీ వేస్తే మాత్రం ఆ చోట కండ చచ్చి పుండు పడుతుంది. మహా చేదు. ముందుపళ్లకీ దవడపళ్లకీ మధ్య ఖాళీ ఉంటుంది, పక్కనుంచి అందులోకి సూదిలేని సిరంజి పెట్టి కొంచెం కొంచెంగా పోయాలి. పాలతో కలపొద్దు, కాల్షియం ఆ మందుని పట్టేసుకుంటుంది. క్లోరాంఫెనికాల్ రాస్తే చేతులకి తొడుగులు వేసుకోండి. అరుదే అయినా మనిషి ఎముకమజ్జని దెబ్బకొట్టగల మందది.

మెడ ఒరిగిపోయిన కుందేలు గురించి చాలామంది అడుగుతారు. అది చెవి లోపల చీమైతే యాంటీబయాటిక్ వారాల తరబడి పడుతుంది. ఇ. కునిక్యులై అనే పరాన్నజీవి అయితే ఫెన్‌బెండజోల్ అనే నులిపురుగుల మందు 28 రోజులు. అదొక వేరే వీడియో.

[వాకిలి. చాట మీద ఆరబెట్టిన గరిక.]

మందు నడిచినన్నాళ్లూ మనం కాపాడాల్సింది ఆ సీకం తొట్టినే. మా అమ్మేమో "గుంటకి కాస్త పెరుగు పెట్టమ్మా, కడుపు చల్లబడుద్ది" అని రోజూ పోరు. వద్దమ్మా అంటే వినదు, తా పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. పెరుగులో ఉండే బ్యాక్టీరియా కుందేలు పేగులో కాపురముండే జాతి కాదు. దానికి కావాల్సింది పీచు. రేయింబవళ్లు ముందు గడ్డి ఉండాలి. వరిగడ్డి కడుపు నింపుతుంది గానీ అందులో సారం తక్కువ. నేను నాగావళి గట్టున కలుపుమందు కొట్టని చోట గరిక కోసి, నీడన ఆరబెట్టి డబ్బాలో పెడతాను. కొంచెం కొత్తిమీర. అరటిపండు గోరంత, అదీ మందు మింగినందుకు లంచం.

రోజూ పొద్దున్నే పెంటికలు చూడండి. చిన్నవైపోయినా, తగ్గిపోయినా, పల్చబడినా ఆ రోజే డాక్టరుకి చెప్పండి. తిండి, పెంటికలు రెండూ ఆగి పన్నెండు గంటలైతే రేపు చూద్దాం అనుకోవద్దు. ఆదివారమైనా పండగైనా పరుగెత్తండి. వారానికోసారి ఈ కాటా మీద తూచండి. బొచ్చులో కనపడదు గానీ అంకె దాచుకోదు.

నాలుగో వారానికి జీడి దవడ చూస్తే గడ్డే లేదు. మా ఆయన "ఇంకా ఎందుకే దాన్ని గుచ్చుతావు" అన్నారు. నాకూ ఆపేయాలనిపించింది, నిజం చెప్తున్నాను. డాక్టరుగారు మళ్లీ ఎక్స్‌రే తీసి చూపించారు. పైన చర్మం నున్నగా ఉంది, లోపల ఎముక అంచు చిమటలు కొట్టిన బట్టలా ఉంది. అప్పుడు ఆపితే మిగిలిన బ్యాక్టీరియా మందుకి అలవాటుపడి, రెండోసారి ఆ మందు పనిచేయకపోవచ్చు. ఎముక అంచు నిండుగా కనపడ్డాక ఇంకో రెండు వారాలు వేసి ఆపారు. 11 వారాలు అలా అయ్యాయి. అన్ని కుందేళ్లకీ ఆ లెక్కే అని కాదు, కొన్నిటికి ఆరు వారాలు చాలొచ్చు, కొన్నిటికి గడ్డ పూర్తిగా వదలదు కూడా.

ఆపాక కూడా నెలకోసారి దవడ తడుముతాను. ఇవాళ తడమాల్సిన రోజే. దగ్గరికి రారా, చూపించు.

[రెండు వేళ్లు దవడ అంచు వెంబడి.]

ఎడమ నున్నగా ఉంది. కుడి... ఇదేటిరా ఇక్కడ?

("నిద్దర లేచి గరిక నమలతందప్పా.")

ఉండు, నమలడం అవ్వనీ.