రిహార్సల్ అంటే గొర్రు తోలడం

(కందుకూరులో నాటక శిక్షణ శిబిరం మొదటి రోజు ప్రసంగం)

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు ఇందాకే రెండుసార్లు చదివారు. నేను మూడోసారి చదవను, వాళ్ళు ఏమీ అనుకోరు. నన్ను రిహార్సల్ ప్రాముఖ్యం మీద మాట్లాడమన్నారు. ప్రాముఖ్యం మీకు తెలుసు, తెలిసే మానేశారు. అందుకని అసలు ఆ మాట సంగతి చెప్తాను.

చేసిందే మళ్ళీ చెయ్యడం రిహార్సల్ అనుకుంటాం. ఇంగ్లీషు వాళ్ళకి ఆ మాట పాత ఫ్రెంచి నుంచి వచ్చింది. అక్కడ 'హెర్స్' అంటే పళ్ళున్న గొర్రు. 'రి' అంటే మళ్ళీ. దున్నిన చేలో మట్టిపెళ్ళలు పగిలేలా మళ్ళీ మళ్ళీ గొర్రు తోలడమన్నమాట. ఇంకా వెనక్కి పోతే లాటిన్లో 'హిర్పెక్స్'. ఆ గొర్రు పళ్ళు చూసి, ఇటలీలో తోడేలుకున్న పాత పేరు దానికి పెట్టారంటారు. 1300 ప్రాంతంలో ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు దానికి నాటకంతో పనే లేదు. వల్లించడం, ఏకరువు పెట్టడం, అంతే. నాటకాల వాళ్ళ చేతికి చిక్కింది 16వ శతాబ్దంలో.

ఇక్కడ పొలం ఉన్నవాళ్ళు చేతులెత్తండి. ఆఁ, సగం మందికి పైగా ఉన్నారు. దున్నిన చేలో పెళ్ళలు అలాగే వదిలేసి విత్తనం వేస్తారా? వెయ్యరు కదా! మరి పద్యాన్ని మాత్రం పెళ్ళలతో సహా జనం మీదికి విసురుతారేం?

ఆ 'హెర్స్'కే ఇంగ్లీషులో ఇంకో బిడ్డ ఉంది. వెనకటికి చర్చిలో శవపేటిక మీద గొర్రు ఆకారంలో ఒక చట్రం పెట్టి కొవ్వొత్తులు గుచ్చేవారు. దాన్నీ ఆ పేరుతోనే పిలిచారు. రానురాను ఆ పేరు శవాన్ని మోసే బండికి పోయింది. రిహార్సలూ, శవం బండీ ఒక ఇంటివే! కాటి సీను అంటే ప్రాణం పెట్టే ఊరు కాబట్టి చెప్పాను.

కాటి సీను అన్నాను కనక ఇదీ వినండి. ఊరు పేరు వద్దు, తిరునాళ్ళలో కాంట్రాక్టు నాటకం. హరిశ్చంద్రుడు ఒక జిల్లా, చంద్రమతి ఇంకో జిల్లా, హార్మోనియం మనది. ముగ్గురూ మొదటిసారి కలిసింది మేకప్ గదిలో. హరిశ్చంద్రుడు రెండు పద్యాలు మింగేసి కత్తి ఎత్తాడు. ఆమెకి అందాల్సిన మాట అందలేదు. తనకొచ్చిన పద్ధతిలో ఇంకా బిడ్డ మీద ఏడుస్తూనే ఉంది. ఈయన కత్తి దించలేడు, ఆమె ఏడుపు ఆపలేదు. వేరే దారిలేక ఈయన రాగం తీశాడు. అద్భుతమైన గొంతు, కాదనను. జనం 'వన్స్ మోర్' అన్నారు. మళ్ళీ తీశాడు. మళ్ళీ వన్స్ మోర్. చచ్చిపోయిన లోహితుడు పక్కకి తిరిగి పడుకున్నాడు. ఒక పెద్దాయన లేచి, "ఏందయ్యా, బిడ్డ బతికే ఉన్నాడు, ఇంక ఆమెనన్నా వదిలెయ్" అన్నాడు.

నవ్వుతున్నారు. ఆ రోజు నాకు నవ్వు రాలేదు.

వన్స్ మోర్ని నేను తిట్టడం లేదు. ఇంగ్లండులో 18వ శతాబ్దం నుంచీ 'ఆంకోర్' అని అరుస్తున్నారు. అది ఫ్రెంచి మాట. తమాషా ఏమిటంటే ఫ్రెంచి వాళ్ళు మాత్రం 'బిస్' అంటారు, లాటిన్లో రెండుసార్లు అని. ఆఖరికి మన కందుకూరు కూడా 1970 వరకు నెల్లూరు జిల్లా, తర్వాత ప్రకాశం, 2022లో మళ్ళీ నెల్లూరులో కలిపారు. జిల్లాకే వన్స్ మోర్ కొట్టారు! కానీ జనం అడిగితే పాడేది బాగా వచ్చిన ముక్క. రిహార్సల్‌లో పట్టుకోవాల్సింది రాని ముక్క. మనవాళ్ళు రిహార్సల్లో కూడా వచ్చిన రాగమే తీస్తున్నారు, చప్పట్లు కొట్టడానికి తమ్ముళ్ళని కూర్చోబెట్టుకుని!

పిల్లల్నే అంటే లాభం లేదు. ఎక్కడ చేస్తారు వాళ్ళు? షేక్స్‌పియర్ 'మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్'లో ఒక వడ్రంగి, ఒక నేతగాడు, ఇంకా అలాంటి పనివాళ్ళే రాజుగారి పెళ్ళికి నాటకం కడతారు. ఊళ్ళో చేస్తే జనం మూగుతారని, గుట్టు బయటపడుతుందని అడవిలోకి పోతారు. పచ్చిక చూపించి ఇదే స్టేజీ, ముళ్ళపొద చూపించి అదే మేకప్ గది అంటాడు వడ్రంగి. మన పిల్లలకి అడవి కూడా లేదు. పోటీల్లో లైట్లకి, సెట్టింగులకి వేలకు వేలు చందాలిస్తాం. ఒక నెల రోజులు సాయంత్రం పూట గది అడిగితే మాత్రం పెళ్ళిళ్ళ బుకింగ్ ఉందంటారు. పెళ్ళిళ్ళు మూఢంలో కూడా చేస్తున్నారా అండీ?

ఇంకా ఏదో చెప్పాలని రాసుకొచ్చాను, వదిలేస్తున్నాను. వీధి చివర కమ్యూనిటీ హాలు తాళం ఎవరి దగ్గరుందో నాకు తెలుసు. ఆయన రెండో వరసలో కూర్చుని తల వంచుకున్నారు. అయ్యా, ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా చాలు. కరెంటు బిల్లు మేము కడతాం, ఊడ్చి మరీ ఇస్తాం. మైకు వద్దు, కుర్చీలు వద్దు. సరేనా? తల ఊపారు, అందరూ చూశారు కదా!